తాళం తిప్పేది మణికట్టు... నొప్పి మాత్రం మోచేతిలో ఎందుకు?

ప్రశ్న: నా వయసు 42. నెల రోజులుగా తాళం తిప్పినా, తడి బట్టలు పిండినా కుడి మోచేతి బయటివైపు సలుపుతోంది. తిప్పేది మణికట్టు కదా, నొప్పి మోచేతిలో ఎందుకు? కీలు అరిగిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: నిజానికి తాళం తిప్పేటప్పుడు మణికట్టు తనంతట తాను తిరగదు. ముంజేయి మొత్తం తిరుగుతుంది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. చిటికెనవేలి వైపు ఉండే అల్నా దాదాపు కదలదు. బొటనవేలి వైపు ఉండే రేడియస్ దాని చుట్టూ తిరుగుతుంది. అరచేయి పైకి ఉంటే రెండూ పక్కపక్కనే ఉంటాయి, కిందికి తిప్పగానే రేడియస్ అల్నాను అడ్డంగా దాటుతుంది.

మీరే చూడండి. మోచేతిని మడిచి, బయటివైపు తగిలే ఎముక బొడిపెకు కాస్త కింద రెండో చేతి వేలు ఆనించి, అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. వేలి కింద గుండ్రంగా ఏదో తిరుగుతుంది. అది రేడియస్ తల. ఉంగరంలాంటి లిగమెంట్ దాన్ని చుట్టి పట్టుకుని ఉంటుంది. స్కూల్లో బొంగరపు కీలు అని చదువుకున్నది ఇదే. తలను అటూ ఇటూ తిప్పే మెడ పైభాగంలోనూ ఇలాంటిదే ఉంది. (చిన్నపిల్లల్లో ఈ ఉంగరం వదులుగా ఉంటుంది. చేయి పట్టి గుంజి లేపితే ఎముక జారొచ్చు. దయచేసి ఎప్పుడూ అలా లేపకండి.)

ఇప్పుడు ఏమీ పట్టుకోకుండా చేతిని ఊరికే తిప్పండి. నొప్పి లేకుండా తిరిగితే చాలావరకు కీలు బాగానే ఉన్నట్టు. గట్టిగా పట్టుకున్నప్పుడే నొప్పి వస్తే, ఆ బొడిపె మీద నొక్కితే కలుక్కుమంటే, అది చాలావరకు టెన్నిస్ ఎల్బో. టెన్నిస్ ఆడనివాళ్లకే ఎక్కువగా వస్తుంది. పిడికిలి బిగించినప్పుడల్లా మణికట్టును నిలబెట్టే కండరాలు ఆ బొడిపెకే అతుక్కుని ఉంటాయి. దెబ్బతినేది వాటి స్నాయువు (కండరాన్ని ఎముకకు అతికించే గట్టి పట్టీ), కీలు కాదు.

కొన్ని వారాలు పిండే పనులు తగ్గించండి. బరువులు అరచేయి పైకి ఉండేలా ఎత్తండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఆ కండరాలను బలపరిచే వ్యాయామాలు నేర్చుకోండి. తగ్గడానికి నెలలు పట్టొచ్చు, మధ్యలో ఆపొద్దు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో త్వరగా హాయిగా అనిపించినా నొప్పి తిరగబెడుతుంటుంది కాబట్టి దానికి తొందరపడమని నేను చెప్పను.

కింద పడ్డాక నొప్పి మొదలైనా, చేయి తిరగకుండా పట్టేసినా, వాపు, జ్వరం, వేళ్లలో తిమ్మిరి ఉన్నా ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి.