ఓసింట్‌ని నమ్మొచ్చా అంటే…

ప్రశ్న ఇది: "అందరికీ దొరికే సమాచారంతో చేసే ఓసింట్ (ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్), గూఢచారులు, దొంగచాటు ఫోన్ నిఘా, ఉపగ్రహాల ముందు ఏపాటిది? నేర్చుకోవడం దండగేనా?"

దండగ కాదు. నన్నడిగితే మిగతా వాటికన్నా దాన్నే ఎక్కువ నమ్ముతాను. అలాగని అది పొరబడదని కాదు. నేనే పొరబడ్డాను, అదీ నలుగురి ముందు.

కొన్నేళ్లు వార్తల నిజనిర్ధారణ పని చేశాను. ఓ రాత్రి నలభై సెకన్ల వీడియో వచ్చింది. పేలుడు, పొగ, ఎవరివో కేకలు. "ఇప్పుడే జరిగింది" అంటూ జనం తెగ పంచుకుంటున్నారు. ఆపుకుంటూ ఒక్కో ఫ్రేమూ చూశాను. ఎడమకి తిరిగే రోడ్డు, గుండ్రటి నీళ్ల ట్యాంకు, దాని పక్కనే మూల మీద మూడంతస్తుల భవనం. ఉపగ్రహ చిత్రాల్లో వెతగ్గా వెతగ్గా తెల్లవారుజామున ఆ మలుపు దొరికింది. ట్యాంకు నీడ కొలిస్తే ఎత్తు కూడా సరిపోయింది. ఇక ఆగుతానా! "చోటు దొరికింది, వీడియో నిజమే" అని రాసేశాం.

పొద్దున్నే ఎవరో పాఠకుడు ఒకే ఒక్క వాక్యం పంపాడు: "ఆ మూల భవనానికి ఇప్పుడు నాలుగంతస్తులున్నాయి కదండీ?"

పైనుంచి చూస్తే అంతస్తుల లెక్క తెలీదు, నీడే చెప్పాలి. ట్యాంకు నీడ కొలిచిన పెద్దమనిషిని, పక్కనే ఉన్న భవనం నీడ కొలవలేదు. పాత చిత్రాలు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పితే ఆ నాలుగో అంతస్తు లేచి అప్పటికే రెండేళ్లు. అంటే వీడియో అంతకన్నా పాతది. చోటు నిజం, "ఇప్పుడే" అన్నది అబద్ధం. సవరణ వేసుకుని తల దించుకున్నాం.

అయినా ఓసింట్‌నే ఎందుకు వెనకేసుకొస్తున్నానంటే, నేను చూసిన చిత్రాలే అతనికీ అందుబాటులో ఉన్నాయి. ఏ అనుమతీ లేని మనిషి నా తప్పు కొన్ని గంటల్లో పట్టేశాడు. అదే రహస్య సమాచారమైతే? ఇరాక్ విషయంలో "కర్వ్‌బాల్" అనే మారుపేరున్న మనిషి సంగతి చూడండి. జీవాయుధాలు తయారుచేసే సంచార ప్రయోగశాలలున్నాయని జర్మన్ నిఘావాళ్లకి చెప్పాడు. ఆ మాటలే 2003 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితిలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ప్రసంగం దాకా వెళ్లాయి. ఇరాక్ మీద యుద్ధం మొదలయ్యేదాకా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అతన్ని నేరుగా ప్రశ్నించనే లేదు. అబద్ధం చెప్పానని 2011లో తనే ఒప్పుకున్నాడు. రహస్యం కాబట్టి విలువైనదనుకున్నారు, రహస్యం కాబట్టే బయటివాళ్లెవరూ సరిచూడలేకపోయారు.

ఉపగ్రహాల సంగతంటారా? 1995లో పోఖ్రాన్‌లో అణు పరీక్షకి జరుగుతున్న ఏర్పాట్లని అమెరికా ఉపగ్రహాలు పట్టేశాయి. 1998కి మనవాళ్లు అవి ఎప్పుడెప్పుడు పైనుంచి వెళ్తాయో లెక్క కట్టి రాత్రిళ్లు పని చేశారు. మే 11న పరీక్ష జరిగాక గానీ సీఐఏకి తెలీలేదు. అణ్వాయుధాలు సమకూర్చుకునే మార్గం వాడుకుంటామని ఆ ఏడాది ఎన్నికల మేనిఫెస్టోలో బీజేపీ బహిరంగంగానే రాసింది! ఎవరైనా చదవొచ్చు. చదివినవాళ్లు ఎన్నికల మాటలే అనుకుని వదిలేశారు.

ఎదుటివాళ్ల ఫోన్, రేడియో సందేశాల్ని దొంగచాటుగా పట్టే సంకేతాల నిఘాకి మాత్రం దండం పెడతాను. 1942లో జపాన్ సందేశాల్లోని "ఏఎఫ్" అంటే పసిఫిక్‌లో తమ స్థావరమున్న మిడ్‌వే దీవేనా కాదా అని తేల్చుకోడానికి, అక్కడ మంచినీటి యంత్రం చెడిందని అమెరికన్లు కావాలనే కోడ్ లేకుండా రేడియోలో చెప్పించారు. ఆ తర్వాత "ఏఎఫ్‌లో నీళ్లకి కటకట" అని జపాన్ సందేశం దొరికింది. ఎదుటివాడి మనసులో ఏముందో అలా పట్టుకోవడం నా ట్యాంకు నీడల వల్ల అయ్యే పని కాదు, ఒప్పుకుంటాను.

ఒళ్లు మండేది ఇంకోటుంది. ఎవరిదో స్క్రీన్‌షాట్ మీద ఎర్ర గుండ్రం గీసి, పేరు పక్కన "ఓసింట్ అనలిస్ట్" అని తగిలించుకునేవాళ్లు. ఎలా కనుక్కున్నావని అడిగితే "నా సోర్సులు చెప్పను" అంటారు. అందరికీ కనబడే సమాచారంలో చెప్పకూడని సోర్సేమిటి నాయనా?

నేర్చుకోవాలనుంటే ముందు టూల్స్ జాబితాల వెంట పడకండి. ఎవరిదైనా పాత ఫొటో తీసుకుని, ఎక్కడ తీశారో, ఏ పూట తీశారో కనిపెట్టండి. ఏ సంవత్సరమో కూడా.