పదకొండేళ్ల దుబాసీ

ప్రశ్న: మాది విజయవాడ. నా వయసు 37. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, జూనియర్ కాలేజీలో ఆరేళ్లు పాఠాలు చెప్పాను. మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్ల క్రితం స్పెయిన్‌లోని బార్సిలోనా వచ్చాం. ఇక్కడ ఏ పనీ ఒక రోజులో అవదు. రెసిడెన్స్ కార్డు వేలిముద్రల అపాయింట్‌మెంట్ కోసం నెలన్నరగా వెబ్‌సైట్ చూస్తున్నాం, ఎప్పుడు చూసినా ఖాళీల్లేవనే. ఆదివారం షాపులుండవు. ఆగస్టులో వీధి వీధంతా షట్టర్లు దించేస్తారు. రాత్రి తొమ్మిదైతే గానీ హోటల్లో భోజనం పెట్టరు. మాంసం వద్దని చెప్పి మరీ సలాడ్ తెప్పించుకుంటే పైన చేప ముక్కలు! ప్రతి ఫారంలో రెండో ఇంటిపేరు అడుగుతారు. నాకు నాలుగు స్పానిష్ మాటలు వచ్చేసరికి, స్కూల్ కాగితాలన్నీ ఇక్కడి ప్రాంతీయ భాష కాటలాన్‌లో ఉంటాయని తెలిసింది. ఆయనకి ఆఫీసులో ఇంగ్లిష్ సరిపోతుంది, బయటి పనులకి తీరిక ఉండదు. బ్యాంకుకైనా హాస్పిటల్‌కైనా మా పాపే (11 ఏళ్లు) వచ్చి నా తరఫున మాట్లాడుతుంది. ఈమధ్య దానికి పొగరెక్కువైంది. మొన్న గైనకాలజిస్ట్ దగ్గర నేను చెప్పింది సగమే చెప్పింది. ఇంటికొచ్చి అడిగితే ‘నీకు చెప్పినా అర్థం కాదులే అమ్మా’ అంది. వచ్చే గురువారం మళ్లీ వెళ్లాలి. నాకు ఈ దేశం సరిపడదు. ఇండియా వచ్చేద్దామా, జర్మనీకి మారదామా? మావారిని ఎలా ఒప్పించాలి?
– ఒక సోదరి

జవాబు: ఇండియానా, జర్మనీనా అన్నది మీరిద్దరూ కూర్చుని జీతాలూ ఫీజులూ లెక్కేసుకుని తేల్చుకోండి. జర్మనీలోనూ ఆదివారం షాపులు మూసే ఉంటాయి, పైగా అక్కడ ఇంకో భాష.

మిగతా చికాకుల సంగతీ చెప్పేస్తాను. స్పెయిన్ భూగోళం మీద లండన్‌కి సూటిగా ఉంది, టైమూ లండన్‌దే ఉండాలి. 1940లో అప్పటి నియంత ఫ్రాంకో గడియారాలు గంట ముందుకు తిప్పించాడు, మళ్లీ వెనక్కి తిప్పినవాళ్లు లేరు. భోజనాలు ఆలస్యం కావడానికి అదొక కారణం. అయినా విజయవాడలో మీరు రాత్రి ఎన్నింటికి తినేవారు? ఇంటిపేరు విషయానికొస్తే, ఆ దేశంలో ఆడవాళ్లు పెళ్లయినా తమ ఇంటిపేరు మార్చుకోరు. బిడ్డ పేరులో తండ్రి ఇంటిపేరుతో పాటు తల్లిదీ ఉంటుంది. ఆ రెండో గడి అందుకే. మీకు చికాకేసిందేమో గానీ నాకు ముచ్చటేసింది. సలాడ్ చెప్పేటప్పుడు ‘సిన్ అతూన్’ అనండి, ట్యూనా లేకుండా అని. అక్కడ చాలామంది లెక్కలో చేప మాంసం కిందికి రాదు.

మీ ఉత్తరంలో చికాకులకి పది వాక్యాలు పట్టాయి, పాపకి నాలుగైదు. నేను ఆ నాలుగైదింటి దగ్గరే ఆగిపోయాను.

మా నాన్నకి భిలాయి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. అమ్మకి హిందీ రాదు. నేను నాలుగో క్లాసులో ఉండగా నన్ను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ‘తెల్లబట్ట అవుతోందని చెప్పవే’ అంది. నాకు తెల్ల అంటే తెలుసు, బట్ట అంటే తెలుసు. ‘మా అమ్మ బట్టలు తెల్లబడిపోతున్నాయి’ అని హిందీలో చెప్పాను. డాక్టరమ్మా నర్సూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఎందుకో తెలియకుండానే అమ్మ కూడా వాళ్లతో పాటు నవ్వింది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. ఆ తర్వాత అమ్మతో బయటికి వెళ్లాలంటే సిగ్గుగా ఉండేది. అవతలివాళ్లు పదిమాటలంటే అమ్మకి రెండే చెప్పేదాన్ని. రేషన్ షాపువాడు కసిరితే ‘ఏం లేదమ్మా, రేపు రమ్మన్నాడు’ అనేదాన్ని. మా అమ్మ కూడా నాకు పొగరనే అనుకుంది.

రేపో మాపో పెద్దమనిషి కాబోయే పిల్ల చేత, తల్లి నెలసరి బాధలు పరాయి భాషలో చెప్పించారు. సగమే చెప్పిందని మీకు కోపం. మిగతా సగానికి దానికి నోరు రాలేదు తల్లీ.

మీ ఖాతాలో ఎంతుందో, కార్డు రాకపోతే ఏమవుతుందో, ఆ టెన్షన్లన్నీ ముందు పాప చెవిన పడి, ఆ తర్వాతే మీకు చేరుతున్నాయి. ఇక ఇంట్లో పెద్ద ఎవరు? ఫ్రెండ్ ఇంట్లో రాత్రి ఉంటానంటే వద్దని గట్టిగా అనగలరా? స్కూల్లో తన మీదే ఫిర్యాదు వస్తే, అది మీకు తర్జుమా చేసేదీ తనే కదా!

మీవారికి తీరిక లేదన్నారు. భార్య ఒంట్లో బాగాలేనప్పుడు ఒక పూట సెలవు దొరకని ఉద్యోగం ఉంటుందంటే నేను నమ్మను. ఈ ముక్క ఆయనకి చదివి వినిపించండి. కానీ నాకు ఎక్కువ కోపం మీ మీదే. క్లాసు నిండా ఉన్న పిల్లలకి ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పిన మనిషి, నాలుగేళ్లుగా కూతురి వెనకాల నిలబడి మాట్లాడిస్తున్నారు. మీకు చదువు లేకపోతే నేనీ మాట అనను.

ముందు స్పానిష్ పట్టండి, బ్యాంకులో, డాక్టర్ దగ్గర అది చాలు. ‘ఎస్కూయెలా ఒఫిసియాల్ దె ఇదియోమాస్’ అని ప్రభుత్వ భాషా బడులున్నాయి, మొదటిది 1911లో మాడ్రిడ్‌లో పెట్టారు. బార్సిలోనాలోనూ ఉంది. కాటలాన్‌కి అక్కడి ప్రభుత్వమే మొదటి మెట్టు తరగతులు ఉచితంగా నడుపుతుంది. స్థానికులొకరిని మీకు జత చేసి, వారానికో గంట చొప్పున పది గంటలు కబుర్లు చెప్పించే వాలంటీర్ల పద్ధతీ ఉంది. దాన్ని వదలొద్దు, మీకు ఆ ఊళ్లో ఒక మనిషైనా తెలిసినట్టుంటుంది. రేపు పౌరసత్వం కావాలన్నా మనవాళ్లకి మామూలుగా పదేళ్ల నివాసం, ఏ2 స్థాయి (భాషలో రెండో మెట్టు) స్పానిష్ పరీక్ష తప్పవు. ఆ పరీక్ష పాప మీ బదులు రాయదు.

ఈలోగా స్కూల్ కాగితాలకి ఫోన్‌లో ఫొటో తీసి తర్జుమా చేసుకోండి. పాపని దగ్గర కూర్చోబెట్టుకుని, ‘ఇన్నాళ్లూ నీ చేత పెద్దవాళ్ల పని చేయించాను, తప్పయింది’ అని చెప్పండి. తల్లి బిడ్డకి సారీ చెప్పడమేమిటని ఇంట్లో ఎవరైనా అంటే అననీయండి.

గురువారం మీవారిని తీసుకెళ్లండి. ఆయన నిజంగా రాలేకపోతే మీ బాధంతా రాసి, ఫోన్‌లో స్పానిష్‌లోకి మార్చి, ఆ కాగితం డాక్టర్ చేతికివ్వండి. తెలుగులో కాకుండా ఇంగ్లిష్‌లో రాసి మార్చండి, తెల్లబట్ట లాంటి మాటొస్తే ఫోన్ కూడా నాలాగే తర్జుమా చేయగలదు. పాప ఆ టైమ్‌కి స్కూల్లో ఉండాలి.