మా టేబుల్ మీది చేతిల ఆ నరమే లేదు సార్!

ప్రశ్న: సార్, నేను వరంగల్‌ల ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్. మొన్న డిసెక్షన్ హాల్ల (శవాన్ని కోసి నేర్చుకునే జాగ) ఒక పెద్దాయన దేహంల ఎడమ జబ్బ విప్పినం. మోచెయ్యి మడిచే కండరాలకు పోయే మస్కులోక్యుటేనియస్ నరం, జబ్బ పైభాగంల ఉండే కొరాకోబ్రేకియాలిస్ కండరంలకెళ్ళి దూరి పోతదని పుస్తకంల ఉంది, మాకు అసలు కనపడనే లేదు. బైసెప్స్‌కు (జబ్బ ముందటి కండ) కొమ్మ, ముంజేతికి, అరచేతికి పోయే మీడియన్ నరం నుంచి వస్తున్నది. మేమే కోసేసినమని దోస్తులు అంటున్నరు. ఆ పెద్దాయనకు బతికున్నప్పుడు చెయ్యి మడవరాకపోయేదా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: బిడ్డా, మడవచ్చేది, మంచిగనే మడవచ్చేది. నరం పేరు ఏదైతేంది, కండరానికి తీగ అందిందా లేదా అన్నదే లెక్క. ఒక తూము నుంచి రావాల్సిన నీళ్ళు పక్క కాలువల నుంచి వచ్చినా పొలం తడుస్తది కదా, గట్లనే బైసెప్స్‌కు, దాని కింద బ్రేకియాలిస్‌కు పోయే పోగులు మీడియన్ నరంతోనే కలిసి కిందికి వచ్చి ఆడ విడిపోయినయి. ముంజేతి బయటి పక్క చర్మానికి స్పర్శ ఇచ్చే కొమ్మ కూడా దాన్నుంచే వస్తుండొచ్చు, వెతికి చూడున్రి.

కానీ కోసేసిన్రా లేదా అనేది ముందు తేల్చుకోవాలె. చంకల కొవ్వు తీసేటప్పుడు తొందరపడి నరం తెంపేది నేను చాన సార్లు చూసిన. లాటరల్ కార్డ్‌ను (చంకల మస్కులోక్యుటేనియస్ పుట్టే నరాల కట్ట) వేలి మీదికి తీసుకొని పక్కన తెగిన మొదలు ఉన్నదా చూడు, కొరాకోబ్రేకియాలిస్‌ల నరం దూరిన సందు ఉన్నదా చూడు, బైసెప్స్ కొమ్మను ఫోర్సెప్స్‌తో మెల్లగ గుంజితే మీడియన్ నరం కదులుతున్నదా చూడు. తెగిన మొదలు లేదు, సందు లేదు, గుంజితే మీడియన్ కదులుతున్నదంటే మీ తప్పు కాదు, ఆయన పుట్టుకే అట్ల.

పూర్తిగా లేకపోవుడు అరుదే, రెండు నరాల నడుమ అడ్డంగ ఒక కొమ్మ కలుపుడు మాత్రం ఎక్కువ కనపడ్తది. పుస్తకంల బొమ్మ ఎక్కువమందిల ఉండేది, అందరిల ఉండేది కాదు. ఇది రోగం కాదు గానీ డాక్టర్‌కు మాత్రం తెలిసి ఉండాలె. మామూలుగ జబ్బ పైభాగంల మీడియన్ నరం తెగితే మోచెయ్యి మడుసుడు పోదు, ఇసొంటి మనిషికి అది కూడా చాన బలహీనపడ్తది, చూసే డాక్టర్ రెండు నరాలు తెగినయనుకుంటడు. చంకల మత్తు ఇచ్చేటప్పుడు మత్తు డాక్టర్లు మస్కులోక్యుటేనియస్‌కు వేరేగ సూది వేస్తరు, అల్ట్రాసౌండ్‌ల అది దాని జాగల దొరకకుంటే మీడియన్‌తో కలిసిందేమో అని ఆలోచించాలె.

రికార్డుల పుస్తకం బొమ్మ కాపీ కొట్టకు, కండ్లతోని చూసిందే గియ్యి. మీ ప్రొఫెసర్‌ను పిలిచి చూపెట్టు, నాకైతే అసొంటి చెయ్యి దొరికిన రోజు పక్క టేబుళ్ళ పిల్లలందరినీ పిలిచేటోన్ని. తన దేహాన్ని మీకు ఇచ్చిపోయిన మనిషి దగ్గర నేర్చుకోవాల్సింది ఇదే. కుడి చెయ్యి ఇంక విప్పలేదంటే కొవ్వు జర నిదానంగ తీయున్రి, ఎడమ చేతిల ఉన్నట్టు దాంట్ల ఉండాలని లేదు.