పాఠకుల ప్రశ్నలు: డైలాగ్ సిస్టమ్స్ పరిశోధనలో స్థానం దొరకాలంటే

ప్రశ్న: భాషాశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేశాను. పైథాన్ కొంత వచ్చు. డైలాగ్ సిస్టమ్స్ (మనుషులతో సంభాషించే కంప్యూటర్ వ్యవస్థలు) పరిశోధనలో పీహెచ్‌డీ స్థానాలకు కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లనే తీసుకుంటారా?

జవాబు: లేదు. కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ (కంప్యూటర్‌తో భాషను విశ్లేషించే శాస్త్రం) విభాగాలు ఇచ్చే ప్రకటనల్లో 'భాషాశాస్త్రం లేదా కంప్యూటర్ సైన్స్' అని తరచుగా ఉంటుంది. గోథెన్‌బర్గ్ (స్వీడన్), పోట్స్‌డామ్ (జర్మనీ) వంటి విశ్వవిద్యాలయాల్లో సంభాషణను భాషాశాస్త్రం వైపు నుంచి చూసే పరిశోధన ఎప్పటినుంచో ఉంది. ఎవరి వంతులో ఎవరు మాట్లాడతారు, అర్థం కానప్పుడు తిరిగి ఎలా అడుగుతారు వంటి ప్రశ్నలకు మీ చదువే బలం.

పైథాన్ మాత్రం 'కొంత' వస్తే సరిపోదు. సంభాషణలున్న జేసన్ (డేటాను క్రమపద్ధతిలో దాచే ఒక ఫార్మాట్) ఫైలును చదివి, లెక్కలు తీసే ప్రోగ్రామ్ మీరే రాయగలగాలి. పైటార్చ్ అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీతో ఒక చిన్న మోడల్‌కు శిక్షణ ఇవ్వగలగాలి. కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్‌లో మీ కోడ్‌ను పెట్టడం తెలియాలి.

మీవంటివారు చేసి చూపదగిన పని ఒకటుంది. సంభాషణల్లోంచి 100 వాక్యాలు తీసుకుని, ప్రశ్న, అభ్యర్థన, సమాచారం, అంగీకారం వంటి గుర్తులు మీరు, మరొకరు విడివిడిగా వేయండి. ఎన్నింటిలో కలిశారో లెక్కపెట్టి ఊరుకోవద్దు. యాదృచ్ఛికంగా కలిసినవాటిని మినహాయించి పొత్తును (ఇద్దరి గుర్తులూ ఒకటే కావడాన్ని) కొలిచే కోహెన్ కప్పా లెక్కకట్టండి. ఇద్దరూ నూటికి 70 సార్లు 'సమాచారం' అనే గుర్తే వేస్తుంటే, ఆ ఒక్క గుర్తు వల్లే 49 శాతం పొత్తు యాదృచ్ఛికంగా వచ్చేస్తుంది. యాదృచ్ఛికపు పొత్తు మొత్తం 50 శాతమనుకుంటే, పైకి కనిపించే 80 శాతం పొత్తు కప్పాలో 0.6 మాత్రమే. ఎక్కడ విడిపోయారో చూసి, 'సరే' అన్నది ఒప్పుకోలా, విన్నానన్న సూచనా అనేది మీ నియమావళిలో తేల్చి రాయండి. ఈ పని చేసినవారికి డేటా ఎలా తయారవుతుందో తెలుసని చదివేవారికి వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్న: ఒక జర్మన్ ప్రకటనలో 'టీవీ-ఎల్ ఇ13, 65 శాతం' అని ఉంది. ఇది స్కాలర్‌షిప్పా?

జవాబు: కాదు, ఉద్యోగం. టీవీ-ఎల్ అనేది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల వేతన ఒప్పందం. ఇ13 అందులో మాస్టర్స్ పట్టా ఉన్నవారి శ్రేణి. 65 శాతం అంటే పూర్తి పనివేళల్లో అంత భాగానికే జీతం అని. బోధన బాధ్యత ఉందో లేదో, ఒప్పందం ఎన్నేళ్లో ప్రకటనలోనే చూడండి. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ స్థానానికి కాక విభాగంలో ప్రవేశానికి దరఖాస్తు చేస్తారు, గడువు సాధారణంగా డిసెంబర్‌లో ముగుస్తుంది. ఐరోపాలో ప్రకటనలు ఏడాది పొడవునా వస్తుంటాయి.

ప్రశ్న: మల్టీవోజ్ (హోటల్, టాక్సీ వంటి బుకింగ్ సంభాషణల డేటా) మీద చాట్‌బాట్ చేసి, 97 శాతం కచ్చితత్వం సాధించానని సీవీలో రాశాను. ఎక్కడి నుంచీ ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. ఎందుకు?

జవాబు: ఆ 97 దేనికో రాయకపోతే, చదివేవారు అనుమానపడతారు. మల్టీవోజ్‌లో ఏ క్షణంలో చూసినా ఎక్కువ స్లాట్లు (రోజు, ఊరు, ధర వంటి వివరాలు నింపాల్సిన గడులు) ఖాళీగానే ఉంటాయి. 'విలువ లేదు' అని చెబుతూ పోయినా స్లాట్‌వారీ కచ్చితత్వం ఎక్కువే వస్తుంది. అందుకే ఈ రంగంలో జాయింట్ గోల్ అక్యురసీ అడుగుతారు. సంభాషణలోని ఒక వంతులో అన్ని స్లాట్లూ సరిగా ఉంటేనే అది ఒప్పు, ఒక్కటి తప్పినా సున్నా. ఒక్కో స్లాట్ 95 శాతం సరిగా వచ్చినా, ఐదు స్లాట్లు కలిసి సరిగా రావడం సుమారు 77 శాతమే, తప్పులు ఒకదానితో ఒకటి ముడిపడకపోతే.

వెర్షన్ కూడా రాయండి. 2018లో వచ్చిన 2.0లో గుర్తులు వేయడంలో జరిగిన తప్పులు ఎక్కువ. తర్వాతి 2.1, 2.2, 2.4 వాటిని దిద్దుతూ వచ్చాయి. వేరువేరు వెర్షన్ల అంకెలను పక్కపక్కన పెట్టడం పొరపాటు. డేటాను విభజించేటప్పుడు సంభాషణలవారీగా విడదీయాలి. వాక్యాలవారీగా విడదీస్తే ఒకే సంభాషణలో సగం శిక్షణలోకి, సగం పరీక్షలోకి వెళ్లి ఫలితం అకారణంగా పెరుగుతుంది.

వ్యవస్థ ఇచ్చిన జవాబుల నాణ్యతను బ్లూ స్కోరుతో (నమూనా జవాబుతో పదాలు ఎంత కలిశాయో చూసే కొలతతో) మాత్రమే చూపించవద్దు. ఒక ప్రశ్నకు సరైన జవాబులు చాలా ఉంటాయి. ఒకే నమూనాతో పోలిస్తే మంచి జవాబూ తక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. పని పూర్తయిందా లేదా అనేదీ, మనుషుల అంచనా కూడా జతచేయండి.

అన్నిటికన్నా ముఖ్యం: తప్పిన 50 సంభాషణలు చదివి, కారణాలవారీగా పట్టిక చేయండి. వాడుకరి మధ్యలో మనసు మార్చుకున్నారా, 'అదే రోజుకు టాక్సీ' అన్నప్పుడు ముందు చెప్పిన రోజు మోడల్‌కు అందలేదా, డేటాలోని గుర్తే తప్పా? ఈ ఒక్క పేజీని కోడ్ లింకుతో పంపండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు చాలావరకు దీని చుట్టే తిరుగుతాయి, మీరు చెప్పగలిగింది కూడా ఇక్కడే ఎక్కువ.

ప్రశ్న: దరఖాస్తుతో పాటు నా సొంత పరిశోధన ప్రణాళిక పంపాలా?

జవాబు: ప్రాజెక్టు నిధులతో వచ్చే స్థానమైతే పరిశోధన ప్రశ్న ముందే ఖరారై ఉంటుంది. ఐదు పేజీల వేరే ప్రణాళిక అక్కడ పనికిరాదు. ఆ ప్రాజెక్టులో ఏ భాగం మీరు చేయగలరో ఒక పేజీలో రాయండి. ఆ బృందం ప్రచురించిన వ్యాసాలు సాధారణంగా ఏసీఎల్ ఆంథాలజీ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి చదివి, అందులోని ఒక పరిమితిని పేర్కొంటే మేలు. ఫెలోషిప్ అయితే సొంత ప్రణాళిక తప్పనిసరి.

మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ (ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే పీహెచ్‌డీ కార్యక్రమం) స్థానమైతే, నియామకానికి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదనే నియమం చూసుకోండి. సిఫార్సు లేఖలు రాసేవారికి కనీసం మూడు వారాల ముందు ప్రకటన, మీ సీవీ, మీరు వారి దగ్గర చేసిన పని వివరాలు పంపండి. గడువు రోజున అడిగితే వచ్చే లేఖలో మీ గురించి చెప్పుకోదగ్గ విషయం ఉండదు.