మట్ట కోసేముందు

చి. అమ్మడూ,

కోనసీమలో కొబ్బరి, తాడి లాంటి తాళజాతి (పామ్) చెట్ల నమూనాలు సేకరించే నీ ప్రాజెక్టు ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసింది. గర్వంగా ఉంది. "చెట్టెక్కడం కూడా నేర్చుకుంటోంది అన్నయ్యా" అనేసరికి ఆ గర్వం కాస్తా గుబులైంది.

ఎక్కకు. కొబ్బరికి దింపువాళ్ళున్నారు, తాడికి గీతవాళ్ళున్నారు, కూలి ఇచ్చి పిలువు. వాన పడ్డ మర్నాడు వాళ్ళనీ ఎక్కించకు, మాను జారుతుంది. పచ్చి మట్ట కరెంటు తీగమీద పడితే కింద నిలబడ్డవాళ్ళ ప్రాణం మీదకొస్తుంది. తీగ పక్క చెట్టు ఎంత బాగా పూసినా వదిలెయ్యి. కోరింగ అభయారణ్యంలో ఆకు తుంచాలన్నా ముందు అటవీశాఖ అనుమతి తీసుకో.

టేపు, రంపం, నోటుబుక్కు, ఫొటోల గురించి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది మట్ట సంగతి. ఎండబెట్టిన మొక్కల నమూనా అంటించే హెర్బేరియం కాగితం 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు. కొబ్బరి మట్టేమో ఐదు మీటర్లు. అందుకని తరతరాలుగా అందరూ చేసే తప్పొకటుంది. కత్తెరతో నాలుగు రెబ్బలు తుంచి, చక్కగా అంటించి, పేరు రాసేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వర్గీకరణకు మాత్రం కొరగాదు. రెబ్బ మట్ట నడిమి ఈనెకు అతుక్కునే చోట ఉండే మడతే అసలు సాక్ష్యం. కొబ్బరి, పోక, ఆయిల్‌పామ్ రెబ్బల మడత పెంకుటింటి కప్పులా ఉంటుంది, నీళ్ళు అటూ ఇటూ జారిపోతాయి. ఈత రెబ్బ మడత దోనెలా ఉంటుంది, నీళ్ళు నిలుస్తాయి. తాటాకు మడతలూ, జీలుగ రెబ్బా దోనెలే. అంటే చూపుకి కొబ్బరి చుట్టంలా కనిపించే ఈత నిజానికి తాడి ఇంటిది. ఈత, తాడి, జీలుగ కోరిఫాయిడే ఉపకుటుంబం. కొబ్బరి, పోక, ఆయిల్‌పామ్ అరెకాయిడే. జీలుగని పోక పక్కన కూర్చోబెట్టిన రోజులున్నాయి. డీఎన్ఏ పరిశోధనల తర్వాత 2005 వర్గీకరణలో దాన్ని కోరిఫాయిడేకి మార్చారు. మడత మాత్రం మొదట్నుంచీ ఆ మాటే చెబుతోంది! రెబ్బ తుంచి, ప్రెస్‌లో బిగించి ఆరబెట్టాక కప్పూ లేదు, దోనే లేదు. రెండూ చదునే.

కాబట్టి మట్ట నడుమనుంచి ఇరవై సెంటీమీటర్ల ఈనె ముక్క కొయ్యి. రెండు పక్కలా రెబ్బల మొదళ్ళు పది సెంటీమీటర్ల మేర దానికే ఉండనివ్వు. ఈనె లావుగా ఉంటే వెనకవైపు చెక్కెయ్యి, రెబ్బల వైపు కత్తి పెట్టకు. పచ్చిగా ఉన్నప్పుడే మడత అడ్డుకోత బొమ్మ గీసుకో. మట్ట మొదలూ చివరా కూడా కావాలి. ఈతకి మొదట్లో రెబ్బలు ముళ్ళైపోతాయి, చివర ఒంటి రెబ్బ ఉంటుంది. మట్ట మొత్తం పొడవూ, ఒక్కో పక్క రెబ్బల లెక్కా అక్కడే రాసెయ్యి. ఒక చెట్టు నుంచి తీసిన ప్రతి ముక్కకీ ఒకే సేకరణ నంబరు కట్టు. ఇంటికొచ్చాక కట్టుకుందాంలే అనుకున్నావో, అయిపోయావే!

తాడి, ఈతల్లో ఆడా మగా వేరు చెట్లు. పోతుతాడికి ఒక నంబరు, పెంటితాడికి ఇంకొకటి. కొబ్బరికి ఆ బాధ లేదు, ఒకే గెలలో పైన మగపూలు, కొమ్మల మొదట్లో ఆడపూలు. పూలని కాగితంలో నలపకుండా 70 శాతం ఆల్కహాలులో వెయ్యి. తాటికాయ అడ్డంగా కోస్తే మామూలుగా మూడు ముంజెలు, కొబ్బరికాయకి మూడు కళ్ళు. అండాశయంలో మూడు గదులకూ అవే గుర్తులు. తాడిలో మూడూ ఎదుగుతాయి, కొబ్బరిలో ఒక్కటే.

మన వానాకాలం తేమకి బూజు రాత్రికి రాత్రే పడుతుంది. మొదటి నాలుగు రోజులు రోజూ కాగితాలు మార్చు.

మొగలిని తాళజాతిలో కలపకు, అది పాండనేలిస్ అనే వేరే క్రమంలోది. సైకస్ ఆకులు చూసి మోసపోకు, దానికి అసలు పువ్వే లేదు. ట్రావెలర్స్ పామ్ పేరుకే పామ్, అరటి క్రమంలోది. మీ పాత నోట్సులో అరెకేలిస్‌లో, అంటే తాళజాతి ఉన్న క్రమంలో, ఒకే కుటుంబం అని ఉంటే దిద్దుకో, 2016లో డాసిపోగోనేసీ కుటుంబం కూడా చేరింది.

నా ప్రెస్ అటక మీదుంది. పట్టీలు మాత్రం చివికిపోయాయి, కొత్తవి వేయించి ఉంచుతాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు, అత్తయ్య తేగలు కాల్చి ఉంచుతానంది.

మామయ్య