మీ బడి సంత గురించి అత్త చెప్పే మాటలు

అమ్మాయ్,

నిన్న ఫోన్లో తొమ్మిదో తరగతి పిల్లలతో బడిలో సంత పెట్టిస్తానన్నావు, ఇంకా వివరంగా అడుగుదామనుకునేలోపే బస్సొచ్చిందని పెట్టేశావు. రాత్రంతా అదే ఆలోచన నాకు. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను, అందులో ఆఖరి పన్నెండేళ్లు ఏటా ఇలాంటి సంత పెట్టించాను. మొదటి మూడేళ్లు మాత్రం పిల్లలకు నేర్పిందేమీ లేదు. బల్లలు వేశాం, రంగు కాగితాలు కట్టాం, హెచ్‌ఎం గారు రిబ్బన్ కత్తిరించారు, పిల్లలు అమ్మారు, అందరం చప్పట్లు కొట్టాం. ఎవరికెంత మిగిలిందో మాత్రం ఎవరికీ తెలియదు. నాలుగో ఏడు ప్రతి గ్రూపుకీ ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఇందులో రాయని రూపాయి లేనట్టే లెక్క అని చెప్పాను. మా బడిలో అసలు చదువు అక్కడ మొదలైంది. నువ్వు మొదటి ఏడాదే ఆ పుస్తకంతో మొదలుపెట్టు.

ఒక గ్రూపు లెక్క చెప్తాను, నాకిప్పటికీ అంకెలతో సహా గుర్తుంది. 2016లో, ఐదుగురు పిల్లలు, వేరుశెనగ చిక్కీ చేశారు. రెండు కిలోల గుళ్లు 220, కిలోన్నర బెల్లం 75, మొత్తం 295 రూపాయలు పెట్టుబడి. 110 ముక్కలు వచ్చాయి, ముక్క 5 రూపాయలు. మధ్యాహ్నానికల్లా పళ్లెం ఖాళీ. 'టీచర్, 550కి అమ్మాం, 255 లాభం' అని పరుగెత్తుకుంటూ వచ్చారు. డబ్బా బోర్లించి లెక్కపెట్టమన్నాను. 420 ఉంది. మిగతా 26 ముక్కలేమయ్యాయని పుస్తకం తెరిచి కూర్చుంటే, 12 ముక్కలు 'సోమవారం ఇస్తా' అన్నవాళ్లకి అరువు పోయాయి, 14 ముక్కలు స్నేహితులకి రుచికి పోయాయి. సరే, చేతికొచ్చిన 420లోంచి 295 తీసేస్తే 125. కవర్లకి 20 ఇచ్చారు, అది రాయలేదు. ఇంట్లో గ్యాసు, నెయ్యి వాడారు, వాటికి వాళ్లే ఆలోచించి 40 వేశారు. 65 మిగిలింది. అప్పుడు అడిగాను, పాకం ఎవరు పట్టారు అని. ఒకమ్మాయి వాళ్ల అమ్మ, తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రెండు గంటలు. ఆవిడ కూలి ఎంత?

ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయే చివరికి, అమ్మ నాట్లకి వెళ్తే ఎంత వస్తుందో దాన్ని గంటలకి పంచి, 50 అని రాసింది. మిగిలింది 15 రూపాయలు. తలా మూడు.

ఆ మూడు రూపాయల దగ్గర ఆపేయకు, అక్కడే గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడించు. ఒకడు రేటు 6 చేద్దామన్నాడు. ఇంకొకడు వద్దురా, ఐదు బిళ్ల ఇచ్చి తీసుకెళ్తున్నారు కాబట్టే అన్ని అమ్ముడయ్యాయి, ఆరంటే చిల్లర కోసం ఆగాలి, పక్క బల్లకి పోతారు అన్నాడు. మరి ముక్క చిన్నది చేద్దామంటే, కొనేవాడికి ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఒకమ్మాయి అడిగింది. చెప్పి అమ్మాలని వాళ్లే తేల్చారు, కాగితం మీద ముక్క బరువు రాసి పెట్టారు. ఈ మాటల్లో ఒక్కటి కూడా నేను చెప్పింది కాదు. నువ్వూ చెప్పకు, నోటిదాకా వస్తుంది, ఆపుకో.

పెట్టుబడి గురించి కాస్త గట్టిగా చెప్తున్నా, ఏమీ అనుకోకు. ఇంటి నుంచి డబ్బు తెమ్మనకు. ఒకడు వెయ్యి తెస్తాడు, ఒకమ్మాయి ఆరోజు బడికే రాదు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2021లో 11, 12 తరగతుల పిల్లలకి తలా 2000 రూపాయలు ఇచ్చి వ్యాపారాలు చేయించారు, మనకి అంత అక్కర్లేదు, గ్రూపుకి 300 చాలు. నీ దగ్గర్నుంచో, స్కూల్ కమిటీ నుంచో అప్పుగా ఇవ్వు, పుస్తకంలో మొదటి పేజీలో అప్పు అనే రాయించు, ఐదుగురి చేతా సంతకం పెట్టించు, సంత అయిన వారంలోపు అసలు తిరిగి కట్టించు. హెచ్‌ఎం గారి అనుమతి కాగితం మీద తీసుకో, తల్లిదండ్రులకీ ముందే చెప్పు. పిల్లల డబ్బు ఒక్క రూపాయైనా నీ పర్సులో ఉంచుకోకు, ఎంత నమ్మకం ఉన్నా సరే. నూనె మరిగించే పని బడిలో వద్దు, బజ్జీలు వేస్తామంటే ఒప్పుకోకు. బడి గేటు దాటి బయట అమ్మనివ్వకు.

నష్టమొస్తే ఏం చేయాలని అడిగావు. ఏమీ చేయకు, పక్కన కూర్చో. నేను చేసిన పొరపాటు ఇదే. ఒక ఏడు డిసెంబరు చలిలో ఒక గ్రూపు మజ్జిగ పెట్టింది, మధ్యాహ్నం దాకా నాలుగు గ్లాసులు కూడా పోలేదు, వాళ్ల మొహాలు చూడలేక బిందె మొత్తం నేనే కొని స్టాఫ్ రూముకి పంపించాను. మరుసటేడు అదే పిల్లలు, మిగిలితే టీచరుగారు కొంటారులే అని ఎవరినీ కనుక్కోకుండా మళ్లీ మజ్జిగే పెట్టారు. జాలితో వాళ్ల పాఠం నేనే లాగేసుకున్నాను, అది ఇప్పటికీ బాధే. నష్టమొచ్చిన గ్రూపు బాకీ మాఫీ చేయకు, గడువు పెంచు. వాళ్లే చెత్త కాగితాలు అమ్మో, ఇంకో శనివారం ఇంకోటి పెట్టో తీరుస్తారు. అందుకే సంతకి ముందు వారం పిల్లల్ని మిగతా తరగతులకి పంపి ఏం కొంటారు, ఎంత పెడతారు అని అడిగి రాసుకు రమ్మను. ఆ పని చేసిన గ్రూపులు నాకు తెలిసి ఎప్పుడూ మునగలేదు.

ఇక వడ్డీ. ఎనిమిదో తరగతిలో బారువడ్డీ, చక్రవడ్డీ చెప్తాం, పిల్లలు సూత్రం అప్పజెప్పేస్తారు. కానీ ఊళ్లో ఎవరూ 'సంవత్సరానికి 24 శాతం' అనరు, 'రెండు రూపాయల వడ్డీ' అంటారు. ఆ రెండు రూపాయలంటే నూటికి నెలకి రెండు అని, ఏడాదికి 24 శాతమని, పదివేలకి 2400 అవుతుందని, అదే పదివేలు పోస్టాఫీసు సేవింగ్స్‌లో ఉంటే 4 శాతం చొప్పున ఏడాదికి 400 వస్తుందని పక్కపక్కన రాసి చూపించు. మూడు రూపాయలైతే ఎంతో వాళ్లనే వేయమను. క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది చూడు. ఒక్క జాగ్రత్త, మీ ఇంట్లో అప్పుందా అని ఎవరినీ అడగకు. ఒకసారి ఒక పిల్లవాడు అమాయకంగా, మా నాన్న ఐదు రూపాయలకి తెచ్చాడని లేచి చెప్పాడు, పక్కవాళ్లు నవ్వారు, వాడు వారం రోజులు తలెత్తలేదు. లెక్కలో మనుషులు ఉండకూడదు, 'ఒక రైతు' అని చెప్పు చాలు.

దీనికి నీకంటే, నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఆ పిల్లల అమ్మలే. ఒక డ్వాక్రా గ్రూపు లీడర్ని పాస్‌బుక్కుతో సహా క్లాసుకి పిలువు. మన నెల్లూరు జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు కదా. దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని, సారాకి ఇంటి డబ్బు ఎంత పోతోందో మాట్లాడుకున్నాకే కదా ఉద్యమం లేచింది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి గ్రూపులు మన జిల్లాలో ఊరూరా వచ్చాయి. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను. వేలిముద్ర వేసే ఆవిడ తన నెల పొదుపు తన చేత్తో రాసుకోవడం చూశాను. ఆ తరం మనవరాళ్లే ఇప్పుడు నీ క్లాసులో ఉన్నారు, వాళ్ల నాయనమ్మల్ని అడిగి రమ్మను.

బ్యాంకు పని పెద్దగా చెప్పక్కర్లేదు. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరు మీద ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మళ్లీ స్పష్టంగా చెప్పింది, ఎంత వరకు తీసుకోవచ్చన్నది ఆ బ్యాంకు ఇష్టం. చాలామందికి స్కాలర్‌షిప్పుల కోసం ఖాతాలు ఉండే ఉంటాయి, కానీ స్లిప్పు నింపడం రాదు. ఒక రోజు తీసుకెళ్లి వాళ్ల చేతే నింపించు, తప్పు రాస్తే ఇంకో స్లిప్పు తీసుకోమను.

ఫోను సంగతి మాత్రం తీరిగ్గా చెప్పు, ఇళ్లలో ఫోన్‌పేలు కొట్టేది ఈ పిల్లలే. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు, బ్యాలెన్స్ చూసుకోవడానికి తప్ప ఇంకెప్పుడు పిన్ కొట్టినా మన డబ్బు పోతున్నట్టే. ఇది ఒక్కటి వాళ్ల నోట పదిసార్లు అనిపించు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని, తిడతారని దాచిపెట్టకూడదని కూడా చెప్పు. అమ్మానాన్నలకి వాళ్లే నేర్పాలి మరి.

ఇంకోటి, బహుమతులు ఎక్కువ లాభం వచ్చినవాళ్లకి ఇవ్వకు. లెక్క సరిగ్గా రాసిన గ్రూపుకి ఇవ్వు, నష్టం వచ్చినా సరే.

నా దగ్గర పాత చేతి త్రాసు ఉంది, రాళ్లతో సహా. పిల్లల చేత దాంతోనే తూయించు, ఎలక్ట్రానిక్ కాటా వద్దు, ముల్లు మధ్యలో నిలబడేదాకా చూడటం వాళ్లకి అలవాటవ్వాలి. శుక్రవారం మీ మావయ్య ఆత్మకూరు వస్తున్నారు, ఆయన చేత పంపిస్తాను. 100 గ్రాముల రాయి ఒక్కటి పోయింది, అది కొనుక్కో.

ప్రేమతో,
అత్త