పత్తి మందుతో బర్రె పిడుదులు పోతాయా?

ప్రశ్న: నాకు రెండు పాడి బర్రెలు, ఒక దూడ ఉన్నాయి. పిడుదులు బాగా పట్టాయి. పత్తికి కొట్టగా మిగిలిన ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందును బకెట్ నీళ్లలో పోసి గుడ్డతో ఒళ్లంతా రుద్దాను. రెండు గంటల్లో ఒక బర్రె చొంగ కారుస్తూ, పల్చగా పేడ వేస్తూ వణికిపోయింది. డాక్టరు గారు సూదులు వేశాక తేరుకుంది. పశువుల పిడుదుల మందులోనూ సైపర్‌మెత్రినే ఉంటుందంటారు కదా, మరి ఇలా ఎందుకైంది? పాలు వాడుకోవచ్చా?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ఆలస్యం చేయకుండా డాక్టరును పిలిచారు, మంచి పని చేశారు. మీరు విన్నది నిజమే. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పైరెత్రాయిడ్లను పశువుల పిడుదులకు వాడతాం. పిడుదులోనైనా బర్రెలోనైనా ఇవి దెబ్బ తీసేది నరాల్లో సోడియం వెళ్లే దారినే. అది మూసుకోవలసిన వేళకు మూసుకోదు, నరం అదుపు తప్పి అదురుతూనే ఉంటుంది.

అయినా బర్రె తట్టుకుంటుంది. చర్మం గుండా లోపలికి పోయేది కొద్దిగానే. ఆ కొద్దిని కాలేయంలోని ఎస్టరేజ్ అనే ఎంజైములు రెండు ముక్కలు చేస్తాయి. మరికొన్ని ఎంజైములు ఆ ముక్కలను నీటిలో కరిగేలా మార్చి మూత్రంలో బయటికి పంపుతాయి. బర్రెకు రక్ష ఇదే.

మీ డబ్బాలోని ప్రొఫెనోఫాస్ సరిగ్గా ఆ ఎస్టరేజ్‌నే కట్టేస్తుంది. మందులకు మొండికేసిన పత్తి పురుగు మీద ఈ జంట బాగా పనిచేయడానికి ఒక కారణం అదే. చేలో మీకు పనికొచ్చిన గుణమే కొట్టంలో ముప్పయింది. పైగా ప్రొఫెనోఫాస్ తనంత తానే విషం. చొంగకు తోడు పల్చటి పేడ కూడా వేసిందంటే నా అనుమానం ఎక్కువగా దాని మీదే. అందుకే డాక్టరుకు ‘సైపర్‌మెత్రిన్ పూశాను’ అని ఊరుకోకండి, డబ్బానే చేతికివ్వండి. ప్రొఫెనోఫాస్‌కు విరుగుడు అట్రోపిన్, దాని మోతాదు వేరుగా ఉంటుంది.

ఊళ్లలో విషం తగిలిన పశువుకు నూనె, నెయ్యి తాగిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. డెల్టామెత్రిన్‌ను నూనెలో కలిపి ఎలుకలకు తాగిస్తే, కిలో బరువుకు సుమారు 135 మిల్లీగ్రాములకే సగం చచ్చిపోయాయి. నీళ్లలో కలిపి ఇస్తే 5000 మిల్లీగ్రాములకు కూడా అంత నష్టం లేదు. కొవ్వు తోడైతే ఈ మందు ఒంట్లోకి త్వరగా ఎక్కుతుంది. మీరు చేయవలసింది చేతులకు తొడుగులు వేసుకుని సబ్బు నీళ్లతో బాగా కడగడం, ఒళ్లు నాక్కోకుండా కట్టేయడం, పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయడం. కడిగిన నీళ్లు చెరువులోకి పోనివ్వకండి, చేపలకు పైరెత్రాయిడ్లు చాలా ప్రమాదం.

ఇక పాలు. ప్రొఫెనోఫాస్ పశువులకు వాడే మందు కాదు, కాబట్టి ఎన్నాళ్లు ఆపాలో డబ్బా మీద ఉండదు. డాక్టరు గారు సరే అనేదాకా పిండి పారబోయండి. నష్టమని తెలుసు, అయినా అమ్మకండి, దూడకూ తాగించకండి. పసి ప్రాణుల్లో ఈ ఎంజైములు ఇంకా సరిగా తయారవవు.

కొట్టంలో పిల్లి తిరుగుతుంటే పూసిన రోజు దూరంగా ఉంచండి. కాలేయం విషాన్ని బయటికి పంపే పద్ధతుల్లో ఒకటి పిల్లికి సరిగా లేదు, పెర్మెత్రిన్ అనే పైరెత్రాయిడ్ కొంచెం తగిలినా మూర్ఛలు రావచ్చు.

ఈసారి పశువుల కోసమే అమ్మే 1.25 శాతం డెల్టామెత్రిన్ కొనండి. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపి, పశువుకు కడుపునిండా నీళ్లు తాగించాక, చల్లటి పూట పూయండి. పుండ్లున్న చోట, కళ్లకు, మూతికి తగలనివ్వకండి. కొట్టం గోడల పగుళ్లనూ చూడండి. పిడుదులు గుడ్లు పెట్టేది అక్కడే, వాటిని వదిలేస్తే నెల తిరక్కుండానే మళ్లీ పడతాయి.